స్కాను తీశారు సరే, చదివేదెవరు?

పుట్టిన బిడ్డ నెలలు గడిచినా మెడ నిలబెట్టకపోతే, పక్కన పళ్లెం పడ్డా ఉలిక్కిపడకపోతే, ఫిట్స్ వస్తే గోదావరి జిల్లాల్లో ఇప్పుడు మొదట వినిపించే మాట ‘ఎంఆర్‌ఐ తీయించండి’. అరుదైన జన్యువ్యాధితో బాధపడే పసిబిడ్డ కథ పత్రికల్లోకి ఎక్కిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు మళ్లీ లేస్తాయి. ముందే ఎందుకు కనిపెట్టలేకపోయారు? మేనరికమే కారణమా? జిల్లాకో మంచి స్కానింగ్ యంత్రం పెడితే సరిపోదా? 2022లో వరద ప్రాంతాల పర్యటనకు కోనసీమ వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి దృష్టికి గౌచర్ వ్యాధి ఉన్న ఒక పాప పరిస్థితి వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు మంజూరు చేసింది. అప్పుడూ ఈ ప్రశ్నలే వచ్చాయి. వెన్నెముక కండరాల క్షీణత వ్యాధికి ‘16 కోట్ల ఇంజెక్షన్’ కోసం తల్లిదండ్రులు చందాలు అడిగినప్పుడూ ఇవే. మూడో ప్రశ్న ఆస్పత్రుల బడ్జెట్టును నేరుగా కదిలించగలది కాబట్టి దానితోనే మొదలుపెడదాం. యంత్రం పెడితే సరిపోదు. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరాల్లో ఎంఆర్‌ఐ యంత్రాలకు పెద్ద కరువేమీ లేదు. ఏ బిడ్డకు, ఏ వయసులో, ఏ పరీక్ష తర్వాత, ఏ ప్రశ్నకు జవాబుగా ఆ బొమ్మ తీయాలో తేల్చే మనుషులకే కరువు.

పైన చెప్పిన రెండు వ్యాధులనే తీసుకోండి. వెన్నెముక కండరాల క్షీణతలో మెదడు ఎంఆర్‌ఐ సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది. జబ్బు బయటపడేది ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు పరీక్షలో. గౌచర్ వ్యాధి తేలేది రక్తంలో ఒక ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కొలిచినప్పుడు. అంటే జనం గుండెను కదిలించిన రెండు జబ్బుల్లోనూ స్కాను నిర్ణాయకం కాదు. అయినా ఇలాంటి కుటుంబాల చేతిలోని ఫైళ్లలో అన్నిటికన్నా ముందు తారీఖు వేసుకుని ఉండేది స్కాన్ రిపోర్టే. ‘నార్మల్’ అని రాసి ఉంటే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, ఆర్నెల్లు ఆగుతారు. ఆ ఆర్నెల్లే వైద్యానికి అన్నిటికన్నా విలువైనవి.

చెవి విషయంలో ఈ తికమక మరీ ఎక్కువ. పుట్టుచెవుడుకు రెండు రకాల బొమ్మలు తీస్తారు. కణత ఎముకకు తీసే సీటీలో ఎముక నిర్మాణం కనిపిస్తుంది: లోపలి చెవిలోని నత్తగూడు లాంటి కాక్లియా ఎన్ని చుట్లు తిరిగింది, మూడు అర్ధచంద్రాకార నాళాలూ ఉన్నాయా, శస్త్రచికిత్సలో డాక్టరు దారిలో ముఖనాడి అడ్డు వస్తుందా. ఎంఆర్‌ఐ చూపేది మెత్తటి భాగాలను: లోపలి ద్రవాన్ని, మెదడును, అన్నిటికన్నా ముఖ్యంగా శ్రవణనాడిని. ఇటలీ వైద్యుడు కార్లో మొండినీ 1791లో చెవిటి బాలుడి శవపరీక్షలో కాక్లియా చుట్లు తక్కువగా ఉండటం చూసి రాసిన వైకల్యాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఇలాంటి వైకల్యాలకు నేడు ప్రపంచమంతా వాడే వర్గీకరణను తీర్చిదిద్దింది టర్కీలోని అంకారాకు చెందిన సర్జన్ లెవెంట్ సెన్నారోలు. దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు మామూలైన దేశం నుంచి ఆ వర్గీకరణ రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

అయితే పుట్టుకతో నాడీసంబంధ చెవుడు ఉన్న పిల్లల్లో ఎముకలో తేడా కనిపించేది సుమారు ఐదుగురిలో ఒకరికే. మిగతా నలుగురికీ లోపం కణాల స్థాయిలో ఉంటుంది, ఏ యంత్రమూ దాన్ని చూపలేదు. జన్యు కారణాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జీజేబీ2 లోపమే ఇందుకు ఉదాహరణ. ఆ జన్యువు తయారుచేసే కనెక్సిన్ 26 అనే ప్రొటీన్ లోపలి చెవిలో పొటాషియం అయాన్ల రాకపోకలను చూస్తుంది. అది చెడితే ఇల్లు చెక్కుచెదరకుండా ఉండి లోపల కరెంటు పోయినట్టే. సీటీ శుభ్రం, ఎంఆర్‌ఐ శుభ్రం, బిడ్డకు మాత్రం వినపడదు. భారతీయుల్లో ఈ జన్యువులో ఎక్కువగా దొరికే డబ్ల్యు24ఎక్స్ అనే మార్పు ఐరోపాలోని రోమా జాతివాళ్లలోనూ దొరికింది. వందల ఏళ్ల కిందట ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు దాన్ని వెంట తీసుకెళ్లారు.

మరి ‘బొమ్మ ముందా, జన్యువు ముందా’ అనే వాదన పాశ్చాత్య దేశాల్లోనూ తెగలేదు. జన్యు పరీక్షను ముందు పెట్టాలనేవారి లెక్క ఇది: చెవుడుకు సంబంధించిన జన్యువుల సమూహాన్ని ఒకేసారి చదివితే దాదాపు నలభై శాతం పిల్లల్లో కారణం దొరుకుతుంది, స్కానులో దొరికేది అంతకన్నా తక్కువ, పైగా చంటిబిడ్డకు మత్తు ఇవ్వాలి, సీటీ అయితే రేడియేషన్. జీజేబీ2 తేలితే స్కాను వాయిదా వేసుకోవచ్చు. స్కాను ముందు ఉండాలనేవారి దగ్గరా బలమైన కారణాలున్నాయి. శ్రవణనాడే లేని చెవికి లక్షలు పోసి కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చినా ఫలితం దక్కదు, దానికి నేరుగా మెదడు కాండంపై పెట్టే వేరే పరికరం కావాలి. పీఓయూ3ఎఫ్4 జన్యులోపం ఉన్న మగపిల్లల చెవి తెరవగానే లోపలి ద్రవం ఎగజిమ్ముతుంది, సర్జన్‌కు ఆ సంగతి ముందే తెలియాలి. వెస్టిబ్యులర్ నాళం వెడల్పుగా ఉన్న పిల్లలు తలకు చిన్న దెబ్బ తగిలినా ఉన్న కాస్త వినికిడీ కోల్పోవచ్చు, వాళ్లను కబడ్డీకీ కరాటేకూ దూరంగా ఉంచమని చెప్పాలంటే ఆ నాళం కొలత చూడాల్సిందే. అర్ధచంద్రాకార నాళాలు అసలే లేకపోతే గుండె, కళ్లు, శ్వాసమార్గం కూడా పరీక్షించాలి, అది ఛార్జ్ సిండ్రోమ్ కావచ్చు. ఇక్కడ చెవి బొమ్మ మొత్తం బిడ్డ గురించి చెబుతోంది.

నా ఉద్దేశంలో మన జిల్లాలకు ఈ రెండు వాదాల్లో ఏదీ యథాతథంగా సరిపోదు. ఎందుకంటే రెండూ మనకు ఇంకా లేని ఒక ముందు మెట్టు ఉందనుకుని మాట్లాడుతున్నాయి. బ్రిటన్ 2006 నాటికే పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష అందించే స్థితికి చేరింది. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అనేది అమెరికాలో ఏళ్ల తరబడి నడిచిన కొలమానం, ఇప్పుడు దాన్నీ కుదించే ప్రయత్నంలో ఉన్నారు. కేరళ కూడా ప్రభుత్వ కాన్పుల ఆస్పత్రుల్లో వినికిడి పరీక్షను, మడమ నుంచి తీసే రక్తపు చుక్క పరీక్షను అలవాటుగా మార్చుకుంది. మన దగ్గర 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుచెవుడు ఉంది, జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలూ ఉన్నాయి. కానీ ప్రతి పురుడు తర్వాతా ఆటోమేటిక్‌గా జరిగే పనిగా అది నాటుకోలేదు. కాబట్టి పిల్లవాడికి వినపడదన్న సంగతి ఎక్కువగా నాయనమ్మో అమ్మమ్మో పసిగడతారు, అదీ మాటలు రావాల్సిన వయసు దాటాక. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అనే ఓదార్పులో మరో ఏడాది పోతుంది.

వినికిడి పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష వెలుపలి రోమకణాల ప్రతిస్పందనను మాత్రమే పట్టుకుంటుంది. సంకేతం నాడి ద్వారా మెదడు కాండానికి చేరుతోందా అన్నది చెప్పేది ఏబీఆర్. పచ్చకామెర్లు ముదిరి మెదడుకు ఎక్కిన బిడ్డల్లో మొదటి పరీక్ష పాస్, రెండోది ఫెయిల్ కావచ్చు. ఓటోఫెర్లిన్ జన్యులోపంలోనూ అంతే. 2024లో ‘లాన్సెట్’ ప్రచురించిన చైనా వైద్యుల ఫలితాల్లో జన్యుచికిత్సతో పిల్లలకు వినికిడి వచ్చింది ఈ ఓటోఫెర్లిన్ లోపంలోనే. నవజాత శిశువుల ప్రత్యేక వార్డు నుంచి ఇంటికి వెళ్లే ప్రతి బిడ్డకూ ఏబీఆర్ చేయకపోతే, భవిష్యత్తులో చికిత్స దొరకగల పిల్లలను ‘వినపడుతోంది’ అని రాసి పంపించేస్తాం.

రక్తపు చుక్క సంగతి ఇంతకన్నా సూటిగా ఉంటుంది. బయోటినిడేజ్ లోపం ఉన్న బిడ్డకు ఫిట్స్ వస్తాయి, జుట్టు ఊడుతుంది, చూపు, వినికిడి దెబ్బతింటాయి. మెదడు ఎంఆర్‌ఐలో మార్పులు కనిపిస్తాయి కూడా. పుట్టిన వారంలో తెలిస్తే దీనికి మందు రోజూ కొన్ని మిల్లీగ్రాముల బయోటిన్, అంటే ఒక మామూలు విటమిన్. ఆలస్యమైతే మందు మొదలుపెట్టినా పోయిన వినికిడి చాలావరకు తిరిగి రాదు. గ్లూటారిక్ అసిడూరియా మొదటి రకంలో ఎంఆర్‌ఐ చూపే వెడల్పాటి మెదడు చీలికలను అనుభవం ఉన్న రేడియాలజిస్టు ఒక్క చూపులో గుర్తుపడతారు. అనుభవం లేకపోతే ‘మెదడు కుంచించుకుపోయింది’ అని రాసి ఊరుకుంటారు. మొదటి వాక్యం వల్ల ఆహారం మారి బిడ్డ బతికి బట్టకడతాడు, రెండో వాక్యం వల్ల సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం వస్తుంది. ఫిల్ము మాత్రం ఒక్కటే.

చదివే మనుషులే కరువు అనడానికి ఇదే కారణం. పెద్దవాళ్ల మెదడుకు ఉన్న కొలతలు పసివాళ్లకు చెల్లవు. పుట్టినప్పుడు మెదడులో నీరు ఎక్కువ, నాడీతంతువులకు కొవ్వు పొర ఇంకా పట్టి ఉండదు. మొదటి ఆరు నెలలు ఒక రకం చిత్రాల్లో, ఆ తర్వాత మరో రకం చిత్రాల్లో ఆ పొర పెరుగుదలను చూడాలి. దాదాపు రెండేళ్లకు గానీ అది పెద్దవాళ్ల మెదడు పోలిక సంతరించుకోదు. నాలుగు నెలల బిడ్డకు సహజమైనది ఏడాదిన్నర బిడ్డకు జబ్బు. మోకాళ్లు, నడుములు, పక్షవాతం కేసులతో రోజంతా నిండిపోయే స్కానింగ్ సెంటర్లో చంటిబిడ్డ ఫిల్ము వారానికి ఒకటో రెండో వస్తే ఆ కన్ను ఎలా తయారవుతుంది? ఇది వాళ్ల తప్పు కాదు. అలాగే శ్రవణనాడిని చూడాలంటే చెవి నాళానికి అడ్డకోతగా, పలుచటి పొరలతో ప్రత్యేక చిత్రాలు తీయాలి. నాలుగు నాడులు నాలుగు చుక్కల్లా కనిపిస్తాయి, వాటిలో ఒకటి లేకపోవడమే ముఖ్యమైన సమాచారం. చీటీలో ‘బ్రెయిన్ ప్లెయిన్’ అని మాత్రమే రాస్తే ఆ చిత్రాలు తీయరు, మళ్లీ మత్తిచ్చి మళ్లీ తీయాలి.

మత్తు గురించి మన ప్రాంతానికే చెందిన ఒక సంగతి చెప్పుకోవాలి. వైశ్య కుటుంబాల్లో సూడోకోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఎక్కువ. వాళ్లకు సక్సినైల్‌కోలిన్ అనే కండరాలు సడలించే మందు ఇస్తే గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేకపోవచ్చు. తెలుగునాట మత్తు డాక్టర్లకు ఇది ఏనాటి నుంచో తెలుసు, అందుకే కులం అడుగుతారు, తప్పుగా అనుకోకూడదు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో ప్రచురించిన పరిశోధన ఈ ఉదాహరణనే చర్చించింది. దక్షిణాసియాలో పరిశీలించిన 263 సమూహాల్లో 81 ఫిన్లాండ్ వాసులు, అష్కెనాజీ యూదుల కన్నా ఇరుకైన మూలం నుంచి వచ్చినవని, వాటిలో పది లక్షల పైచిలుకు జనాభా ఉన్న పెద్ద సమూహాలూ ఉన్నాయని అందులో తేలింది. అంటే లక్షల మంది ఉన్న కులం కూడా జన్యుపరంగా కొద్దిమంది పూర్వికుల సంతానమే కావచ్చు.

మేనరికం ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధీకుల పెళ్లిళ్లు దాదాపు నాలుగో వంతు, దేశ సగటుకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఈ విషయాన్ని లెక్కలతో శాస్త్రలోకం ముందు పెట్టిన తొలి పరిశోధకుల్లో ఒకరు మన పిఠాపురం వాడే. జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు 1960లలో పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలోని మేనరికాలపై వ్యాసాలు ప్రచురించారు. (చెవి డొప్పపై వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయని సొంత కుటుంబ వంశవృక్షం వేసి చూపించిన మనిషి కూడా ఆయనే. ఆ వాదం తర్వాతి పరీక్షలకు నిలవలేదు, అది వేరే కథ.) బావామరదళ్ల పెళ్లిలో బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి, మేనమామ పెళ్లిలో ఎనిమిదింట ఒకటి. ముప్పు ఉంది, కాదనలేం. కానీ అది జనం ఊహించుకునేంత కాదు. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాకిస్తానీ మూలాల కుటుంబాలపై జరిగి 2013లో ‘లాన్సెట్’లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం, బావామరదళ్ల పెళ్లిళ్లలో పుట్టుకతో వచ్చే లోపాలు సుమారు మూడు శాతం నుంచి ఆరు శాతానికి పెరిగాయి. రెట్టింపు అయినట్టే, అయినా నూటికి తొంభైనాలుగు మంది బిడ్డలు ఆరోగ్యంగా పుట్టారు. పైగా మేనరికం మానేసి అదే కులంలో, అదే చుట్టుపక్కల ఊళ్లలో సంబంధం చేసుకుంటే ముప్పు పూర్తిగా పోదని పైన చెప్పిన ‘నేచర్ జెనెటిక్స్’ పరిశోధనే సూచిస్తోంది. ‘మేనరికం వద్దు’ అనే గోడ నినాదంతో బాధ్యత తీరిపోయిందనుకునే విధానకర్తలకు ఇది ఇబ్బందికరమైన సంగతి. లోపం తల్లి వైపుదా, తండ్రి వైపుదా అని ఇళ్లలో జరిగే పంచాయితీకి కూడా జన్యుశాస్త్రం దగ్గర ఒకే జవాబు: ఈ తరహా జబ్బుల్లో ఎక్కువ భాగం ఇద్దరి వైపు నుంచీ వస్తాయి.

ఇతర దేశాలు ఏం చేశాయి? బీజింగ్ నగరం 2012 నుంచి నవజాత శిశువులకు వినికిడి పరీక్షతో పాటు నాలుగు జన్యువుల్లోని కొన్ని మార్పులకు ఉచిత పరీక్ష జోడించింది. అందులో ఒకటి మైటోకాండ్రియాలోని 1555 స్థానంలోని మార్పు. అది ఉన్న బిడ్డకు జెంటమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తే వినికిడి శాశ్వతంగా పోవచ్చు. మాంచెస్టర్‌లో తయారైన పరికరం ఆ మార్పును మంచం పక్కనే అరగంటలో చెబుతుంది, 2023లో బ్రిటన్ సంస్థ నైస్ దాని వాడకానికి షరతులతో పచ్చజెండా ఊపింది. జెంటమైసిన్, అమికాసిన్ నిత్యం వాడే మన నవజాత శిశు వార్డులకు దీని ప్రాముఖ్యం వేరే చెప్పనక్కర్లేదు. సౌదీ అరేబియా పెళ్లికి ముందు వంశపారంపర్య రక్తవ్యాధుల పరీక్షను తప్పనిసరి చేసింది. మన సమాజంలో ఆ బలవంతం ‘ఫలానా పిల్లకు జన్యువు ఉందట’ అనే ముద్రగా మారి అమ్మాయిల పెళ్లిళ్లకే చుట్టుకుంటుందని నా భయం. బ్రాడ్‌ఫర్డ్ పద్ధతి మనకు దగ్గర: ఎవరినీ నిందించకుండా, జబ్బు బయటపడిన కుటుంబం నుంచి బంధువుల దాకా వెళ్లి, ఎవరికి కావాలంటే వారికి పరీక్ష, సలహా.

దీనికి ఎదురు వాదం కూడా ఉంది. ఇంత అరుదైన జబ్బుల కోసం డబ్బు ఎందుకు, పచ్చకామెర్లను సమయానికి పట్టుకుంటే, నెలలు నిండని కాన్పులు తగ్గిస్తే, టీకాలు వేస్తే ఇంకా ఎక్కువ మంది పిల్లలు బాగుపడతారు కదా అని. అందులో నిజం చాలా ఉంది. 2017లో మన రాష్ట్రంలో మొదలైన తట్టు, రుబెల్లా టీకా ఎన్నో చెవులను కాపాడి ఉంటుంది. కానీ టీకాలు గెలిచేకొద్దీ మిగిలే చెవుడులో జన్యు కారణాల వాటా పెరుగుతుంది. పైగా రక్తపు చుక్క, వినికిడి పరీక్ష అరుదైన జబ్బులకోసమే కావు, థైరాయిడ్ లోపాన్నీ, కామెర్ల ప్రభావాన్నీ పట్టేది కూడా అవే. రెండు వాదాలకూ మొదటి మెట్టు ఒక్కటే.

డబ్బు ఇప్పటికే ఖర్చవుతోంది, కాకపోతే చివరి మెట్టు దగ్గర. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కాలం నుంచి రాష్ట్రం కాక్లియర్ ఇంప్లాంట్లకు డబ్బిస్తోంది. కేంద్రం దివ్యాంగులకు పరికరాలు అందించే అడిప్ పథకం కింద ఇస్తోంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం చికిత్సకు 50 లక్షల రూపాయల దాకా అనుమతిస్తుంది, కానీ అందుకు ముందు బిడ్డ గుర్తింపు పొందిన కేంద్రానికి చేరాలి, మనవాళ్లకు దగ్గరిది హైదరాబాదులోని నిమ్స్, సీడీఎఫ్‌డీ. మలికిపురం నుంచో మొగల్తూరు నుంచో చంటిబిడ్డతో అక్కడికి వెళ్లి, వారాల తర్వాత రిపోర్టు కోసం మళ్లీ వెళ్లడం కూలి చేసుకునే కుటుంబానికి ఎంత పనో అధికారులకు తెలియనిది కాదు. ఇంప్లాంట్ ఖర్చు భరించే ప్రభుత్వం దానికి ముందు చేయాల్సిన జన్యుపరీక్షను అదే ప్యాకేజీలో చేర్చడానికి వెనకాడటంలో అర్థం లేదు. ఇంకో సాంకేతిక కారణం కూడా ఉంది. ఇంప్లాంట్‌లో అయస్కాంతం ఉంటుంది. అది పెట్టాక మెదడు ఎంఆర్‌ఐ కష్టం, తీసినా ఆ పక్కంతా నల్లటి నీడ పడుతుంది. చెవుడుతో పాటు మెదడు జబ్బు అనుమానం ఉన్న బిడ్డకు మంచి బొమ్మ తీయగల అవకాశం శస్త్రచికిత్సకు ముందే.

ఇంప్లాంటే ఏకైక దారి అన్న ధోరణితో నేను ఏకీభవించను. నాడి లేని చెవికి, లేదా ఆలస్యంగా వచ్చిన బిడ్డకు సంజ్ఞాభాష తొలినాళ్ల నుంచే నేర్పితే మెదడులో భాష నిలబడుతుంది. స్కాను ‘ఇంప్లాంట్ పనికిరాదు’ అని చెప్పిన రోజున తల్లిదండ్రులకు ఆ దారి చూపించే మనిషి కూడా అదే గదిలో ఉండాలి.

కావాల్సిన సరంజామా పెద్దదేమీ కాదు. మూడు నెలల లోపు బిడ్డలకు చాలాసార్లు మత్తే అక్కర్లేదు. కడుపునిండా పాలు పట్టి, గుడ్డలో ఒద్దికగా చుట్టి, చెవులకు రక్షణ పెట్టి నిద్రలోనే స్కాను తీయొచ్చు. నడినెత్తి మాడు మూసుకోకముందు మంచం దగ్గరే చేసే అల్ట్రాసౌండ్ కొన్ని ప్రశ్నలకు చాలు. సీటీని చెవి ఎముక వరకే, తక్కువ మోతాదులో, అవసరమైనవారికే తీయాలి. ఇక చదివే కన్ను దూరంలో ఉన్నా ఫర్వాలేదు, ఫిల్ము కాకుండా అసలు డిజిటల్ చిత్రాలు, బిడ్డ వయసు, అడిగిన ప్రశ్న, వినికిడి పరీక్ష ఫలితం కలిపి పంపితే చాలు. కాకినాడ జీజీహెచ్‌లో వారంలో ఒక నిర్ణీత రోజున పిల్లల డాక్టరు, చెవి డాక్టరు, ఆడియాలజిస్టు, మత్తు డాక్టరు, రేడియాలజిస్టు ఒకచోట కూర్చుని, హైదరాబాదు నుంచి జన్యువైద్యులు తెర మీద కలిసేలా చేయొచ్చు. 2023లో తరగతులు మొదలైన రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలలు తమ దగ్గరకు వచ్చే ఇలాంటి పిల్లలను ఆ రోజుకు పంపితే రెండేళ్లలో వాటికీ సొంత జట్టు తయారవుతుంది. దీనికి కొత్త భవనం, కొత్త యంత్రం అక్కర్లేదు. వైద్య విద్యాశాఖ నుంచి ఒక ఉత్తర్వు, జన్యుపరీక్షకూ దూరం నుంచి చదివే నిపుణుల రుసుముకూ, ఇంప్లాంట్లకు డబ్బిచ్చే రాష్ట్ర ఆరోగ్య ట్రస్టు ప్యాకేజీలో ఒక కోడ్ కావాలి. ఆ కోడ్ లేకపోతే ఆస్పత్రి సూపరింటెండెంటు ఎంత మంచివారైనా బిల్లు ఏ ఖాతాలో రాయాలో తెలియక, కుటుంబాన్ని బయటి ల్యాబుకే పంపుతారు.